సీటు వెనక డెల్కో

మా నౌరూజ్‌అలీ బావకి కాదనడం రాదు. ఆయన్ని తిట్టాలంటే నాకు దొరికేది ఈ ఒక్క మాటే, అది కూడా ఇప్పుడు అనే అర్హత నాకు లేదు. మా కొండ ఊరు ఖాన్సార్‌లో మర్యాదకి చచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ ఇంత ఘోరంగా చచ్చేవాడు ఇంకొకడు లేడు. కడుపు కాలిపోతున్నా "ఇప్పుడే తిన్నాను" అంటాడు. చేతిలో ఉన్న వస్తువుని ఎవరైనా బాగుందన్నారంటే చాలు, "తీసుకో, నీకంటే ఎక్కువా" అని వాళ్ల ముందు పెడతాడు. అవతలివాడు వద్దనాలి. ఈయన మళ్లీ తీసుకోమనాలి. మూడోసారి కూడా వద్దంటే వస్తువు ఎవరిది వాళ్ల దగ్గరే ఉండిపోతుంది, ఇద్దరి పరువూ దక్కుతుంది. మా ఊళ్లో మాటలు నేర్చిన ప్రతి బిడ్డకీ తెలిసిన సంగతి ఇది. నాకు తెలీదా?

నా పేరు ఎస్కందర్. బళ్ల కరెంటు పని చేస్తాను. ఊరి బయట రోడ్డు పక్కన ముప్పయ్యేళ్లుగా నా షెడ్డు ఉంది. బావ తేనెటీగలు పెంచుతాడు. చలికాలం పెట్టెలన్నీ దెజ్‌ఫూల్ మైదానంలో ఉంచుతాడు, అక్కడ ఎండలు ముదిరేసరికి మళ్లీ మా కొండలకి ఎక్కిస్తాడు. అరవై నాలుగు పెట్టెలు, ఒక పాత నీలం సరుకు బండి. మా అక్క మాహ్‌రోఖ్ సంసారమంతా ఆ పెట్టెల్లోనే ఉంది. చీకటి పడి ఈగలు గూటికి చేరాక మూతులు మూసి, రాత్రంతా ప్రయాణం చేసి, ఎండెక్కేలోపు చల్లటి చోటికి చేర్చాలి. దారిలో ఎక్కడైనా బండి ఆగి పొద్దెక్కిందా, మూసిన పెట్టెల్లో ఈగలు ఉడికిపోతాయి.

కిందటేడు కొండ ఎక్కుతుండగా పొగమంచుకి డెల్కో మూత చెమ్మగిల్లి బండి రెండుసార్లు ఆగింది. డెల్కో అంటే నాలుగు సిలిండర్లకీ వంతులవారీగా నిప్పు పంచే డబ్బా. బావ దిగి, మూత ఊడదీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ బిగించుకుని వచ్చేశాడు. ఆ మాట నవ్వుతూ చెప్పాడు. ఊరుకోనిది నేనే. అప్పటికి అలాంటి పాత ఇంజన్లు మూడింటికి డెల్కో పీకేసి కొత్త పద్ధతి పెట్టి ఉన్నాను, షెడ్డుకి వచ్చిన ప్రతివాడి దగ్గరా దాని గొప్పలే చెప్పుకుంటున్నాను. నీ బండిక్కూడా పెట్టేస్తాను బావా అన్నాను. ఆయనకి ఇష్టం లేదని ముఖం చూస్తేనే తెలిసింది. "నీకు శ్రమ అవుతుందేమో" అన్నాడు. అంటే వద్దని. నాకు అర్థం కానట్టు నటించి బండి తాళం లాక్కున్నాను.

రెండు రోజులు పట్టింది. ఇంజను ముందున్న పుల్లీకి పళ్ల చక్రం బిగించాను, దాని పక్కన వేలెడు సెన్సరు పెట్టాను. చక్రానికి ఒకచోట పన్ను ఉండదు. ఆ ఖాళీ ఎదురుగా వచ్చినప్పుడల్లా పిస్టన్లు ఎక్కడున్నాయో సెన్సరు ఒక చిన్న పెట్టెకి చెబుతుంది, ఆ పెట్టె రెండు కాయిళ్లకి చెబుతుంది. ఒక్కో కాయిలు రెండేసి సిలిండర్లలో ఒకేసారి నిప్పు రాజేస్తుంది. ఒకచోట పెట్రోలు అంటుకుంటుంది, రెండోచోట నిప్పు ఉత్త పొగలో పోతుంది.

"అయితే సగం నిప్పు దండగేనన్నమాట," అన్నాడు బావ.

"నీ మర్యాదల్లాగే," అన్నాను. ముందు నవ్వింది ఆయనే.

సెన్సరుని పట్టి ఉంచే పట్టీ మందపాటి రేకుతో చెయ్యాలి. అది షెడ్డులో లేదు. గురువారం సాయంత్రం, మర్నాడు శుక్రవారం సెలవు, దుకాణాలు కట్టేస్తున్నారు. చేతికందిన పల్చటి రేకుని వంచి వెల్డింగు పెట్టాను, తర్వాత మారుద్దాంలే అనుకున్నాను. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. నడుస్తోందా లేదా అన్నంత సాఫీగా ఉంది. ఇక నా కళ్లు నెత్తికెక్కాయి. పట్టీ సంగతి మళ్లీ గుర్తు రాలేదు.

బావ పాత డెల్కోనీ, దాని కాయిలునీ, తీగల్నీ ఒక గుడ్డలో మూటగట్టి సీటు వెనక పెట్టుకోబోయాడు.

"అదెందుకు మళ్లీ?" అన్నాను.

"ఏం లేదులే. పడి ఉంటుంది. ఒకవేళ దారిలో ఏమన్నా..."

"అంటే నా పని మీద నీకు నమ్మకం లేదు."

పాపం, కంగారు పడిపోయాడు. షెడ్డులో ఉన్నంతసేపూ నన్ను పేరు పెట్టి పిలవడు. "అదేం మాట ఉస్తాద్? నమ్మకం లేకపోవడమేంటి. ఇదిగో, ఇది నువ్వే ఉంచుకో. నీకంటే ఎక్కువా?" అని రెండు చేతులతో మూట నా ముందుకి చాచాడు.

నేను వద్దనాలి. మూడుసార్లు వద్దని మూట ఆయన గుండెకేసి నెట్టాలి. అలా చేస్తే సీటు వెనక పెట్టుకుని వెళ్లిపోయేవాడు. నేను మొదటిసారికే, "సరే, ఇటివ్వు," అని తీసేసుకున్నాను. ఆయన చేతులు కాసేపు గాల్లోనే ఉండిపోయాయి. తర్వాత, మంచిది అన్నాడు. ఆ డెల్కోతో నాకు ఏ పనీ లేదు. అది ఆయన దగ్గర ఉండకూడదు, అంతే. గోడకి మేకు కొట్టి, వచ్చేపోయేవాళ్లు చూడాలని తగిలించాను.

వసంతం చివర్లో, ఒక శుక్రవారం తెల్లవారుజామున నాలుగింటికి ఫోను మోగింది. నిద్ర పాడు చేసినందుకు క్షమించమన్నాడు బావ. పిల్లలెలా ఉన్నారని అడిగాడు. ఆ తర్వాత గానీ సంగతి చెప్పలేదు. పొల్‌దొఖ్తర్ ఊరు ఇంకా రాకుండానే పట్టీ విరిగింది, సెన్సరు చక్రం పళ్లలో పడి ముక్కలైంది, బండి కదలడం లేదు.

"శ్రమ కాకపోతే ఆ డెల్కో కాస్త తెచ్చిపెడతావా?" అన్నాడు.

శ్రమ కాకపోతేనట. వెనక అరవై నాలుగు పెట్టెలు పెట్టుకుని.

మేకు మీది మూట లాక్కుని బయలుదేరాను. ఎంత తొక్కినా ఐదున్నర గంటల దారి. సెలవురోజు, దారిలో ఒక్క షెడ్డు తెరిచి లేదు. అజ్నా ఊరి దగ్గరే సూర్యుడు వచ్చేశాడు. నేను వాడి మీద కూడా అరిచాను, సిగ్గు లేకుండా.

వెళ్లేసరికి తొమ్మిదిన్నర దాటింది. ఎక్కడా చెట్టు లేదు, రాళ్లు అప్పటికే కాలుతున్నాయి. బండి వెనక తలుపు సందుల్లోంచి కరిగిన మైనం, తేనె కలిసి రోడ్డు మీద కారుతున్నాయి. చేతికందిన పెట్టెలన్నిటి మూతులూ తెరిచాడు బావ. లోపలి వరసలు తాళ్లతో కట్టి ఒకదానిమీద ఒకటి ఉన్నాయి, ఒక్కడే దించలేకపోయాడు. ఈగలకి జడిసి ఏ లారీవాడూ ఆపలేదు. తాగే నీళ్లన్నీ వాటిమీదే చల్లాడు. చొక్కా తడిపి ఒక పెట్టెకి కప్పి, బనీనుతో నిలబడి ఉన్నాడు. మామూలుగా ఆ బండి దగ్గర మాట వినపడాలంటే గొంతు పెంచాలి, ఈగల రొద అంత ఉంటుంది. ఆ రోజు గొంతు పెంచే పని పడలేదు.

"అలిసిపోయుంటావు," అన్నాడు నన్ను చూసి. "ఫ్లాస్కులో టీ ఉంది. నీకోసం ఉంచాను."

నేను తాగలేదు. డెల్కో కూర్చోబెట్టి, తీగలు తగిలించి, చెవితోనే టైమింగు సరిచేశాను. ఇరవై నిమిషాల పని. బావకీ వచ్చిన పనే. మూట సీటు వెనక ఉండి ఉంటే నాలుగున్నరకల్లా కదిలిపోయి, ఎండ తగిలే వేళకి చల్లటి కొండల్లో ఉండేవాడు. ఇంజను రెండో తిప్పుకి అందుకుంది. వెనక చాలా పెట్టెల్లోంచి ఏ చప్పుడూ లేదు.

"తిట్టు బావా," అన్నాను. "ఒక్క మాటన్నా తిట్టు."

"తిట్టడమెందుకు? దిష్టి పోయిందనుకో. నువ్వు బాగుండాలి."

టీ గ్లాసు పగిలితే అనే మాట అది. యాభై ఐదు పెట్టెలు పోతే కూడా అదే మాటన్నాడు. చెంపమీద కొట్టి ఉంటే ఆయన కాళ్లు పట్టుకుని ఏడ్చేవాణ్ణి. ఆ దారి కూడా లేకుండా చేశాడు.

ఏటా వేసవి ఆఖర్న మొదటి తేనె సీసా మా ఇంటికే తెచ్చేవాడు. మిగిలిన తొమ్మిది పెట్టెల్లో ఈగలకే తిండి చాలదు, ఈసారి రాడులే అనుకున్నాను. వచ్చాడు. సీసా నా బల్ల మీద పెట్టి, "నీకంటే ఎక్కువా," అన్నాడు. వద్దన్నాను. తీసుకోమన్నాడు. వద్దన్నాను. తీసుకోమన్నాడు. మూడోసారి నిజంగా చేతులు జోడించి వద్దన్నాను. ఆ తర్వాత సీసా వెనక్కి తీసుకోవాలి. తీసుకోలేదు. అక్క ఎదురుచూస్తుంటుందని చెప్పి వెళ్లిపోయాడు.

సీసా పక్కన అంటించిన దుకాణం ధర చీటీని, కొన్న తేనె అని నాకు తెలియకుండా, గోరుతో గీకేసి తెచ్చాడు. జిగురు మరక ఇంకా ఉంది. షెడ్డులో ఖాళీ మేకు కింద పెట్టాను, ఇంతవరకూ మూత తీయలేదు.