గడ్డి దుడ్డె

మా నాయనమ్మ నాగమణమ్మకు చరిత్ర నవలలు వినిపించే ప్రాజెక్టు రెండుసార్లు ఫెయిలైంది. మొదటిది కాకతీయుల కాలం నవల, చెరువు కట్టకు మట్టి మోసే అమ్మాయి కథ. అందులో మునిగిపోయి నేను రెండుసార్లు బస్సు దిగాల్సిన స్టాపు దాటిపోయాను. నాయనమ్మ మూడో పేజీకే గురక పెట్టింది. రెండోది గోల్కొండలో వజ్రాలు సానబట్టే ముసలాయనది. "వజ్రాలోళ్ల బాధలు మనకెందుకు బిడ్డా," అని లేచిపోయింది.

మూడోది ఈ ఏడాదే వచ్చింది. స్రవ్య అనే ఆమె మొదటి నవల. 1908 మూసీ వరదలో తన బర్రెనూ, పొరుగింటి పిల్లలు ముగ్గురినీ మిట్ట మీదికి చేర్చిన మల్లవ్వ అనే పాలామె కథ. కొట్టంలోని గోనెపట్టా నెత్తిన కప్పుకుని మల్లవ్వ వానలో బయలుదేరుతుంది. 'ఏడో మెట్టు మునిగింది' అని రాసి స్రవ్య ఊరుకుంటుంది. భయపడే పని మనకే వదిలేస్తుంది. అలాంటి వాక్యం చూస్తే నాకు ఫోన్ పక్కన పెట్టి కాసేపు గోడకేసి చూడాలనిపిస్తుంది.

హైదరాబాద్ గౌలిపురలో మాది ఇంకా బర్రెలున్న ఇల్లు. రెండే రెండు. సాయంత్రం ఐదింటికి నాయనమ్మ పాలు పిండుతుంటే వాకిట్లో గిన్నెలతో నలుగురైదుగురు నిలబడతారు. నేను ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో లాప్‌టాప్ మూసేసి, గడప మీద కూర్చుని గట్టిగా చదవడం మొదలుపెట్టాను. ఎటూ పారిపోలేని శ్రోతలు.

ఈసారి నాయనమ్మ నిద్రపోలేదు. పక్క గల్లీ రుక్మాబాయి అయితే పాలు పోయించుకున్నాక కూడా కదిలేది కాదు.

"పాలు విరుగుతయమ్మా, ఇంటికి పో," అన్నాడు ఇత్తడి సామాన్ల దుకాణం రామ్‌చందర్.

"విరిగితే పనీర్ తింట. నువ్వు ఊకో సేటూ. పిల్లలు ఒడ్డెక్కిన్రా లేదా, గది చెప్పు పిల్లా."

నాలుగో రోజు నేను ఆఫీసు కాల్‌లో ఉండగా నాయనమ్మ తలుపు తోసి, "మల్లవ్వ ఏడిదాక పోయింది?" అని అడిగింది. పదకొండు మంది విన్నారు. నేను మ్యూట్ చేసుకోలేదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి రెండే, ఈ రకం నవలలు, నాయనమ్మ. ఆ రెండింటికీ ఇన్నాళ్లూ పరిచయం లేదు. ఈ ఒక్క పుస్తకమైనా ఆమె చివరి పేజీ దాకా వినాలి. నాకు కావలసింది అంతే.

నూట పన్నెండో పేజీలో అంతా చెడింది. వరదలో మల్లవ్వ బర్రె ఈనిన దుడ్డె కొట్టుకుపోతుంది. తెల్లారి పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే మల్లవ్వ బర్రె కింద కూర్చుంటుంది. చెంబు నిండుతుంది.

"ఆపు," అంది నాయనమ్మ. "దుడ్డె పోయిన తెల్లారే బర్రె చేపుతదా?"

చేపడం అంటే, దుడ్డె మూతి తగలగానే బర్రె పొదుగులోకి పాలు వదలడం.

"కథ గద నాగమణక్కా, గట్లనే ఉంటది," అన్నాడు రామ్‌చందర్.

"కథైతే? బర్రెకు పిల్ల పోయింది. చుక్క ఇయ్యది. తంతది. గిది అబద్ధమైతే ఆ నీళ్లూ అబద్ధమే, ఆ మెట్లూ అబద్ధమే. బంద్ చెయ్యి. గిది రాసినామె బర్రెను సూడనే లేదు."

"అరే, మరి పిల్లల సంగతేంది?" అంది రుక్మాబాయి.

మర్నాడు నేను పుస్తకంతో గడప దగ్గరికి రాగానే, "బర్రె బెదురుతది, లోపలికి పో," అంది నాయనమ్మ. ఆ బర్రె దీపావళి బాంబులకే బెదరదు.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. తప్పు కనబడితే రిపోర్టు చేయకుండా ఉండలేను. పుస్తకం వెనక ఉన్న మెయిల్‌కు రాశాను: 'పేజీ 112, రెండో పేరా. రావలసింది: చుక్క కూడా లేదు. వచ్చింది: చెంబెడు. కనిపెట్టినవారు: నాగమణమ్మ, అరవై ఏళ్ల అనుభవం.' పంపేశాక భయం వేసింది. మొదటి నవల రాసిన మనిషికి రాయాల్సిన ఉత్తరమా అది?

గంటలో జవాబు వచ్చింది. 'ఆమెతో మాట్లాడొచ్చా? పాలు పిండే టైమ్ చెప్పండి.'

ఐదింటికి ఫోన్ స్పీకర్‌లో పెట్టి కిటికీలో నిలబెట్టాను.

"అమ్మా, నేను స్రవ్యను, వరంగల్ నుంచి. తప్పు రాసిన. మా ఇంట్ల బర్రెల్లేవు."

"వింటుంటెనే ఎర్కైంది."

"మరి పిల్లలు ముగ్గురు ఆకలితోని ఉన్నరు. మల్లవ్వ ఏం జేయాలె? మీరే చెప్పాలె."

నాయనమ్మ చేతులు ఆగిపోయాయి.

"మా అత్త ఒకపారి చేసింది. సచ్చిన దుడ్డె తోలుల గడ్డి కూరి కుట్టింది. ఉప్పు రాసి బర్రె ముంగట నిలవెట్టింది. బర్రె దాన్ని నాకుకుంట చేపింది."

"కానీ ఈ దుడ్డె నీళ్లల్ల పోయింది కదమ్మా. తోలు ఏడ దొరుకుతది?"

"మల్లవ్వ నెత్తిన గోనెపట్టా ఉన్నది గద? కొట్టంలదేనాయె. దుడ్డె దాని మీదనే పండుకుంటది. వాసన పోదు. దాంట్ల కూరు గడ్డి."

నేను ఆ గోనెపట్టాను ఎప్పుడో మరిచిపోయాను.

"గంత సులువుగ మోసపోతదా బర్రె?" అంది రుక్మాబాయి.

"మోసమేంది? అది గడ్డి అని దానికి ఎర్కే. వాసన సూస్తది, ఒకపారి మన మొఖం సూస్తది. ఎర్కుండే చేపుతది."

ఫోన్ అవతల కాగితం తిప్పిన చప్పుడు. "ఇంకొక్కపారి చెప్పండమ్మా. రాసుకుంటున్న."

పది రోజుల తర్వాత రెండు పేజీలు మెయిల్‌లో వచ్చాయి. రెండో ముద్రణలో ఇవే ఉంటాయని స్రవ్య రాసింది. వాటిని ప్రింట్ తీసి, నూట పన్నెండో పేజీ దగ్గర పెట్టుకుని గడప మీద కూర్చున్నాను. నాయనమ్మ పొమ్మనలేదు, చదవమనీ అనలేదు. చదివాను. గోనెపట్టాలో గడ్డి కూరుతుంది మల్లవ్వ. బర్రె వాసన చూస్తుంది. ఒకసారి మల్లవ్వ ముఖం చూస్తుంది. మల్లవ్వ దాని కళ్లలోకి చూడలేక, దాని డొక్కకు నుదురు ఆనించి, ఆ కాస్త చీకట్లోనే పాలు పిండుతుంది.

నేను ఆగాను. నాయనమ్మ బర్రె కింద అలాగే కూర్చుని ఉంది.

"నుదురు ఆనించిందని నేను చెప్పిన్నా?"

"చెప్పలేదు నాయనమ్మా."

"మా అత్త గట్లనే కూసున్నది. ఈమెకెట్ల ఎర్క?"

రుక్మాబాయి పాలగిన్నె కింద పెట్టి, మెట్టు మీద నా పక్కన చతికిలబడింది.

"సదువు," అంది నాయనమ్మ. "ఆపకు."