కడుపు ఊరుకున్న రోజు

చొక్కా అంచును గడ్డం కింద బిగించి పట్టుకుని, లిఫ్టు నడిపే ఆయన పొట్టకు అతికించిన సంచీని వేళ్లతో తడిమి చూశాడు. ఖాళీ. నిన్న పడుకోబోయే ముందు కడిగాక చుక్క కూడా దిగలేదు. పైకి తీసిపెట్టిన పేగు కొస సంచీలోంచి ఎర్రగా, తడిగా, బొడిపెలా కనబడుతోంది. చుట్టూ, ఒకప్పుడు నిండుగా ఉన్న చర్మం దించేసిన డేరాలా మడతలు పడి వేలాడుతోంది.

"ఏమీ రాకపోతే వెంటనే రమ్మంది కదా నర్సమ్మ," అంది భార్య తలుపు దగ్గర నిలబడి.

"నిన్న సరిగా తింటే కదా ఇవాళ వచ్చేది. పేగు లోపల పెట్టించుకోడానికి ఎలాగూ సెలవు కావాలి. ఇప్పుడే వాడేస్తే ఎలా?"

ఆమె క్యారియర్ తెచ్చి చేతికిచ్చింది. అతనితో వాదించి నెగ్గిన రోజు ఆమె కాపురంలో లేదు.

ఆ పాత ఆఫీసు భవనంలో పెళ్లికి ముందు నుంచీ అతనే లిఫ్టు నడుపుతున్నాడు. ఒళ్లు పెరిగింది కానీ లిఫ్టు పెరగలేదు. "బాబాయ్, నువ్వు దిగితే మేం నలుగురం ఎక్కుతాం," అని మూడో అంతస్తు గుమాస్తా అంటే, అందరికంటే ముందు తనే నవ్వేవాడు. మోకాళ్లు మొరాయించి, నిద్రలో ఊపిరి తెగిపోతుంటే, కడుపు చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకున్నాడు. ఒళ్లు కరిగింది. చోటు చాలక ఏళ్లుగా నేలమీద పడుకున్న భార్య మళ్లీ మంచం మీదికి చేరింది. అదీ మూన్నాళ్ల ముచ్చటే అయింది. లోపల పేగు మెలిపడి కొంత కుళ్లిపోయింది. ఆ ముక్క కోసేసి, మిగిలిన కొసను పొట్ట మీదికి తెచ్చి సంచీ తగిలించారు. "కొన్నాళ్లకేలే, మళ్లీ కలిపేస్తాం," అన్నాడు డాక్టరు.

అప్పటి నుంచి లిఫ్టులో చోటుకు కొదవ లేదు. రెండంతస్తుల మధ్య అతని పొట్ట గుడగుడమనేది. వాసన ఆ ఇనుప పెట్టె దాటి పోయేది కాదు. దానికి వేళాపాళా లేదు, అతని అదుపూ లేదు. జనం మర్యాదస్తులు, ఎవరూ ముక్కు మూసుకోలేదు. మెట్లెక్కారు. గుమాస్తా కూడా రొప్పుతూ మెట్లే ఎక్కాడు.

ఇవాళ కడుపు కిక్కురుమనలేదు. పొద్దుటి హడావుడిలో టైపిస్టు ఎక్కింది, ఆమె వెనక ఇంకో ఇద్దరు. ఎవరూ మొహం తిప్పుకోలేదు. మధ్యాహ్నం గుమాస్తా తలుపు దగ్గర కాసేపు తటపటాయించి, లోపలికి కాలు పెట్టాడు.

"ఏం బాబాయ్, కులాసానా?"

"కులాసానే. ఇవాళ నా కడుపు నోరు మూసుకుంది."

గుమాస్తా నవ్వాడు. అతనూ నవ్వబోయి, తలుపు చువ్వ గట్టిగా పట్టుకున్నాడు. పొట్టలో నొప్పి తెరలు తెరలుగా వస్తోంది. చొక్కా కింద పొట్ట డోలులా బిగిసింది. లిఫ్టు ఖాళీగా దిగేటప్పుడు వంగిపోయి పళ్లు బిగబట్టేవాడు. అంతస్తు రాగానే నిటారుగా నిలబడి తలుపు తీసేవాడు. క్యారియర్ మూత విప్పలేదు. ఆసుపత్రికి పోదామా అని ఒకసారి అనుకున్నాడు. ఇంతలో గంట మోగింది. పైన మనుషులు ఎదురుచూస్తున్నారు, అతని కోసం. వెళ్లాడు.

సాయంత్రం ఇంటి గుమ్మంలోనే పచ్చగా వాంతి చేసుకున్నాడు. ఆసుపత్రికి పోయే బండిలో భార్య ఒళ్లో తల పెట్టుకుని ఒకే మాట అన్నాడు.

"ఇవాళ అందరూ ఎక్కారే."

ఆమె చల్లబడుతున్న అతని చేతిని రుద్దుతూ కూర్చుంది.

పేగు మళ్లీ మెలిపడి నల్లబడిపోయిందని, పొట్ట తెరిచి చూశాక డాక్టరు చెప్పాడు. మర్నాడు తెల్లవారక ముందే, పక్క మంచం వాళ్లకు కూడా తెలియకుండా అతని ఊపిరి ఆగింది. భవనంలో ఆ పనికి కొత్త మనిషిని పెట్టలేదు. ఎవరి మీట వాళ్లే నొక్కుకోవాలని తలుపు మీద కాగితం అతికించారు.

కొన్నాళ్లకు ఆమె అతని బట్టలు సర్దుతుంటే, అడుగున ఓ పొట్లం దొరికింది. సంచీ ఒరుసుకుంటుందని నడుముకు ఏదీ బిగించలేక అతను నాడా పంట్లాములే తొడుక్కునేవాడు. పొట్లంలో గోధుమరంగు తోలు బెల్టు, సన్న నడుముకు సరిపోయేది, చుట్ట చుట్టుకుని ఉంది. ఇంకా కొత్త తోలు వాసన వేస్తోంది. ఒక్క చిల్లూ సాగలేదు.