ఐదు చాపల హౌజు

వనపర్తి మార్కెట్ల మణెమ్మ కత్తిపీట ముందర కూసున్నదంటే ఇగ ఆ చాప పని అయిపోయినట్టే. పొలుసు తీసుడు, మొప్పలు పీకుడు, ముక్కలు కొట్టుడు, ముప్పై ఏండ్ల సంది అదే పని. చెయ్యి ఒక్కనాడు ఆగి ఎరగదు. ఆగింది మాత్రం మొన్న ఓ మంగళారం పొద్దుగాల.

మాలతి టీచర్ బకెట్ పట్టుకొని వచ్చింది. బకెట్ల జానెడు దాటిన చాప. ఒళ్ళంత వెండి, రెక్కల అంచులకు కాటుక దిద్దినట్టు నలుపు.

"ఇది బాలా షార్క్ అంట మణెమ్మా. కొన్నప్పుడు వేలంత ఉండె. ఇప్పుడు మా అద్దాల తొట్ల తిరగనీకె జాగ లేదు, గోడలకు మూతి కొట్టుకుంటుంది. వారం సంది ఏం ముట్టలే. ఎట్లైనా చస్తది, నువ్వే కోసెయ్" అన్నది. కండ్లు తుడుచుకుంట అట్లనే పోయింది టీచరమ్మ.

మణెమ్మ దాన్ని రెండు చేతుల్ల ఎత్తింది. కొర్రమీనైతే తన్నుకుంటది, జారుకుంటది, మనిషిని ముప్పుతిప్పలు పెడ్తది. ఇది కదలలే. పనైపోయిందని దానికే తెల్సినట్టు అరచేతుల్ల పడుకున్నది.  మణెమ్మ కత్తి దిక్కు చూసుడుతోనే సరి, చెయ్యి రాలే.

"ఏందే, బొట్టు పెట్టి సాగనంపుతవా?" అని పక్క పీట సరోజ పకపక నవ్వింది.

"నోర్ముయ్యే" అని మణెమ్మ చాపను మళ్ళ నీళ్ళల్ల వేసింది.

బిజినేపల్లి కాడ తమ్ముడు వెంకటన్న చేన్ల, బోరు పక్కన పన్నెండడుగుల సిమెంటు నీళ్ళ హౌజున్నది. చాపను తీస్కపోయి దాంట్ల వదిలింది. ఒక్కటే ఉంటే ఏం తింటది పాపం, పెద్ద చాపకు పెద్ద చాపే తోడు అనుకున్నది. మార్కెట్ల పానంతోని దొరికేటివి కొర్రమీన్లే కదా, నదరుగున్నవి రెండు ఏరి జతకు వేసింది. తెల్లారి పోయి చూస్తే షార్క్ తోక సగం లేదు. మూలకు నక్కి, నీరసంగ మొప్పలాడిస్తుంది.

"నా చేతులిరగ! ఉన్నదాన్ని నేనే కొరికిస్తి" అని తల కొట్టుకుంది. కొర్రమీన్లను పట్టి బయటేసి, అదే బట్టల మీద గద్వాల బస్సెక్కింది. అక్కడ రంగు చాపల దుకాణం పెట్టుకున్న శ్రవణ్ కుమార్‌కు ఫోన్ల ఫోటో చూపెట్టింది.

"పేరుకే షార్క్ అమ్మా, ఉత్త పిరికిది" అన్నడు శ్రవణ్. "గుంపుల బతికే జాతి ఇది. ఒంటిగుంటే బెంగ పెట్టుకొని తిండి బంద్ చేస్తది. తక్కువల తక్కువ ఐదన్న ఉండాలె. నోరు పెద్దగున్న చాపను దగ్గరికి రానీయొద్దు. మరీ చిన్నయి వేస్తే ఇదే మింగుతది. దాని జాతివి, దాని ఈడువే కావాలె. ఊకె ఈదే చాప, పొడుగు జాగ ఉండాలె. మీద వల కప్పు, బెదిరితే ఎగిరి బయట పడ్తది."

"జాగకు రంది లేదు బిడ్డా, పన్నెండడుగులు. తోడు ఏడికెళ్ళి తేవాలె? నీ తాన ఉన్నయా?"

"నా తాన వేలంతవే ఉన్నయి. గింత పెద్దగైనయి..." అని ఆగిండు. ఏదో యాదికొచ్చి మొకం చిన్నబోయింది. "అందరికి ఒక్కొక్కటే అమ్మిన అమ్మా. ఎవరూ రెండడగలే, నేనూ చెప్పలే."

అప్పటికప్పుడే ఫోన్లు కొట్టిండు. గద్వాలల బట్టల దుకాణం, మెడికల్ షాపు. నాగర్‌కర్నూల్ల పంటి డాక్టరు. వనపర్తిల లాడ్జి. నాలుగు చోట్ల ఒకటే మాట, "తీస్కపోండ్రి, అద్దం పలగ్గొట్టేటట్టున్నది." మూడు ఊర్లల, నాలుగు డబ్బాలల్ల, ఒక్కొక్కటి ఒంటరిగ మూతి అరగదీసుకుంటున్నయన్నట్టు! 

శుక్రారం పగటిపూట శ్రవణ్ ఆటోల నాలుగింటిని తెచ్చిండు. అప్పటికే హౌజులున్న చాప ఒక పక్కకు ఒరిగింది.

"ఇయ్యాల తినకుంటే రేపటికి ఉండదు అమ్మా" అన్నడు శ్రవణ్ మెల్లగ.

సంచులను కొంతసేపు నీళ్ళల్ల తేలనిచ్చి, ఒక్కోదాన్ని వదిలిండు. అవి నాలుగూ నాలుగు దిక్కులకు పోయి గోడలకు అతుక్కున్నయి. పుట్టి బుద్ధెరిగినంక తమ జాతిని చూసినయో లేదో, గుంపంటే ఏందో మరిచినయేమో అని మణెమ్మకు బుగులైంది. దండం పెట్టింది. ఏ దేవునికి పెట్టిందో ఆమెకే తెల్వదు.

ఎంతసేపటికో గోడ వదిలి ఒకటి మూల దిక్కు పోయింది. మూలకున్నదాని పక్క నుంచి దాటింది. ఒరిగిన చాప నిటారుగైంది. సగం తోకతోని కష్టంగ ఊగుకుంట దాని ఎనక పోయింది. మూడోది వచ్చి కలిసింది. నాలుగోది. కడమది గోడను విడిచి ఉరుకొచ్చింది.

ఐదూ ఒక్క వరుసైనయి. హౌజు కొస దాకా పోయి, ఒక్క రెప్పపాటుల, ఒక్కసారే తిరిగినయి. నీళ్ళల్ల వెండి భగ్గుమన్నది. అమ్మో, ఎవరు చెప్పిన్రు వాటికి? ఎవరు నేర్పిన్రు? మణెమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకున్నది. మళ్ళ పోయినయి, మళ్ళ తిరిగినయి. తోక తెగినదాన్ని నడుమల పెట్టుకొని, అది ఎంత మెల్లగ పోతే అంతే మెల్లగ.

శ్రవణ్ గుప్పెడు మేత చల్లిండు. నాలుగు మీదికొచ్చినయి. వాటిని చూసి ఐదోది కూడ వచ్చి, మూతి తెరిచి, ఒక గింజ అందుకున్నది. ఇంకోటి అందుకున్నది.

వెంకటన్న మోటరు బంద్ చేసి వచ్చి, అక్క మొకం చూసి పరేషానైండు. "ఏమైందక్కా, ఏడుస్తున్నవ్?"

"ముప్పై ఏండ్లు చాపల మీదనే బతికిన తమ్మీ" అన్నది మణెమ్మ. "చాపలు ఎట్ల బతుకుతయో ఇయ్యాలనే చూస్తున్న."