మర స్టూలు

పొద్దున్నే హాలు తలుపులు తీయాలి, కిటికీలు బార్లా తెరవాలి, నేల ఊడ్చి తడిగుడ్డ పెట్టాలి, ఆ తర్వాత పొడిగుడ్డతో పియానో తుడవాలి. ఎన్నేళ్ళనుంచో తాళాల అక్క పని ఇదే వరస. పియానో తెలుపు నలుపు మెట్ల మీద మాత్రం ఆమె చెయ్యి గట్టిగా ఆనించదు. పసిపిల్ల నుదురు తుడిచినట్టు తుడుస్తుంది. అంతా అయ్యాక నడుముకున్న తాళాల గుత్తి మీద చెయ్యి పెట్టుకుని స్టూలు వంక చూస్తుంది.

స్టూలు గుండ్రటిది. పైన అరిగిపోయిన తోలు, కింద ఇనప మర. అటు తిప్పితే పైకి లేస్తుంది, ఇటు తిప్పితే కిందికి దిగుతుంది. తిప్పే పని మాత్రం ఎవరికీ ఉండేది కాదు. ఆ రోజు పియానో ఎవరిదో వాళ్ళ ఎత్తుకి తెల్లారేసరికల్లా దానంతటదే తిరిగి కూర్చునేది.

మర బాగా పైకి లేచి ఉంటే పొట్టి పిన్ని వస్తోందన్నమాట. అంటే డ్యాన్సు క్లాసు. కుర్చీలన్నీ గోడకి జరిపేయాలి. సగానికి దిగి ఉంటే ప్రార్థన మాస్టారు. ఆయన వెనకాల పాడేవాళ్ళంతా వస్తారు కాబట్టి బెంచీలు వేసి, మంచినీళ్ళు పెట్టాలి. ఇంకా దిగితే స్టూడియో తమ్ముడు. సినిమాలకి వాయించే మనిషి, ఫ్యాను చప్పుడు కూడా పడదు. ముందే ఆపేయాలి.

స్టూలు ఎందుకు తిరుగుతుందని ఎవరూ అడగలేదు. గోడ మీది గడియారాన్ని అడుగుతామా? పొట్టి పిన్ని మాత్రం ఒకసారి, "మా ఇంట్లో కుక్కరుకి కూడా ఇంత బుద్ధుంటే నా బతుకు బాగుపడును" అంది. అంతే.

మర మొత్తం దిగిపోయి, స్టూలు చతికిలబడినట్టుండే ఎత్తు ఇంకొకటుంది. అది నిచ్చెన మామయ్యది. తాళాల అక్క ప్రతిరోజూ మొదట వెతుక్కునేది ఆ ఎత్తునే. అది కనపడక చాలా ఏళ్ళయింది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. అసలు ఆమె ఎవరితోనైనా ఏదైనా అనడమే తక్కువ. నోట్లో మాట గడప దాకా వచ్చి, చెప్పులు కనపడక వెనక్కి పోయే రకం.

ఆమె చిన్నప్పుడు ఆ హాలుకి కాపలా వాళ్ళ నాన్నే. ఐదో తరగతితో బడి మానేసి నాన్నతో పాటు చీపురు పట్టుకుంది. నిచ్చెన మామయ్య వాళ్ళకి చుట్టమేం కాదు. అందరూ మామయ్యా అంటే తనూ అంది. ఊళ్ళో పెద్ద హోటల్లో రాత్రి భోజనాల వేళ పియానో వాయించేవాడు. ఇంట్లో పియానో లేదు కాబట్టి సాయంత్రం ఎండ చల్లబడగానే భార్యని వెంటేసుకుని హాలుకి వచ్చి చేతులు ఆడించుకునేవాడు. అత్తయ్య కిటికీ గట్టు మీద కూర్చుని, కాళ్ళు ఊపుకుంటూ, సగం మాటలు మర్చిపోయిన పాటలు పాడేది. మర్చిపోయినచోట "లాలాలా" అనేది. ఆ లాలాలాలే బాగుండేవి.

మామయ్య ఎంత పొడుగంటే, గుమ్మం పైన బల్బు మాడిపోతే కుర్చీ అడిగేవాడు కాదు. మునివేళ్ళ మీద లేచి మార్చేసేవాడు.

"హోటల్లో వాయించడం అంటే ఏమనుకున్నావే పిల్లా?" అనేవాడు. "తినేవాళ్ళ మాటలు వాళ్ళకి వినపడాలి, పక్క బల్లకి వినపడకూడదు. మధ్యలో గోడ కట్టాలి, పాటతో. మొగుడూ పెళ్ళాం మూతి ముడుచుకుని కూర్చున్నారనుకో, మెత్తటిదేదో అందుకోవాలి. హోటలు కట్టేసే వేళకి మేనేజరు కన్ను గీటుతాడు. అప్పుడు పాట నడక పెంచాలి. పాపం వాళ్ళకి తెలీదు, గబగబా నమిలేస్తారు."

"పాపం మూటగట్టుకుంటున్నారు" అనేది అత్తయ్య కిటికీలోంచి.

తర్వాత హోటలు వాళ్ళు పియానో తీసేసి అక్కడ ఐస్‌క్రీముల అద్దాల పెట్టె పెట్టారు. ఆ పైఏడు అత్తయ్య పోయింది. మామయ్య ఊరి ఆ చివర తమ్ముడి ఇంటికి మారిపోయాడు. హాలు గడప మళ్ళీ తొక్కలేదు. గుమ్మం మీది బల్బుకి నిచ్చెన కొనాల్సి వచ్చింది.

ఇలా ఉండగా పొట్టి పిన్ని, మనవరాలు పుట్టిందని, కూతురి దగ్గరికి ప్రయాణం కట్టింది. "ఇంక నా వాయింపు ఉయ్యాల పక్కనే" అంటూ అందరి బుగ్గలూ పుణికి వెళ్ళిపోయింది.

డ్యాన్సు టీచరమ్మకి కాళ్ళ కింద నేల కదిలినంత పనైంది. హాలు నిలబడిందే ఆవిడ క్లాసు మీద. హాలు యజమాని అప్పటికే పక్కనున్న ఫర్నిచరు షాపు వాళ్ళతో మాట్లాడుతున్నాడు, గోడౌనుకి ఇచ్చేద్దామని.

"నెలాఖరు దాకా చూస్తాను అక్కా" అంది టీచరమ్మ. "ఎవరూ దొరక్కపోతే పిల్లల్ని మా మేడ మీదకి తీసుకుపోయి ఫోన్లో పాట పెట్టుకుంటా. నాకు మాత్రం సరదానా? ఫోనుకి కళ్ళుండవు. పిల్ల తడబడితే ఆగదు. దాని మానాన అది పోతుంది."

తాళాల అక్క తలూపింది. హాలు గోడౌనయితే తను ఎక్కడికి పోవాలో ఆమెకి తట్టలేదు. ముందు తట్టింది పియానో. దాని మీద మంచాలూ బీరువాలూ పడేస్తారు కాబోలు.

తర్వాతి డ్యాన్సు రోజు పొద్దున్న స్టూలు చూసి ఆమె గుడ్డ చేతిలోనే ఉంచుకుని నిలబడిపోయింది. మర పొట్టి పిన్ని అంత పైకీ లేదు, మాస్టారు అంత కిందికీ లేదు. ఆ ఎత్తు ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఎవరో కొత్తవాళ్ళు వస్తున్నారు!" అంది టీచరమ్మ, మొహం చాటంత చేసుకుని.

కొత్తవాళ్ళెవరూ రాకపోయేసరికి టీచరమ్మ తెలిసినవాళ్ళనే అడిగింది. ముందు స్టూడియో తమ్ముడు వచ్చాడు. స్టూలుని తనకి కావలసినట్టు తిప్పుకుని కూర్చున్నాడు. చేతులు మంచివే. పాట మొదలెట్టాక స్టూలు మెల్లగా అతన్ని పైకి లేపడం మొదలుపెట్టింది. మోకాళ్ళు లేచిపోతున్నా అతను ఆపలేదు. స్టూడియోలో ఆపితే మళ్ళీ మొదటినుంచీ చెయ్యాలి కదా, ఆ భయం. గడియారం చూసుకుంటూ, సరిగ్గా సినిమా పాటంత వాయించి టక్కున ఆపేశాడు. పిల్లలు గాల్లో ఉన్నారు.

"అయిపోయిందా?" అంది టీచరమ్మ.

"సీను అంతే కదండీ" అన్నాడు.

ఆ తర్వాత ప్రార్థన మాస్టారు. ఆయన ప్రతి వరస చివరా స్వరం సాగదీసి ఆగుతాడు, పాడేవాళ్ళు ఊపిరి తీసుకోవాలని. పిల్లలు ఒంటికాలి మీద కొంగల్లా నిలబడి, ఊగి ఊగి, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. "ఊపిరి తీసుకున్నారా అమ్మా?" అని అడిగాడాయన అమాయకంగా.

"తీసుకున్నాం మాస్టారూ, వదలడానికే లేకుండా పోయింది" అంది ఒక గడుగ్గాయి.

కచేరీలకి సాధన చేసే పిల్ల ఒకతె కూడా వచ్చింది. ఆమె వాయిస్తే పిల్లలు ఆడటం మానేసి నేల మీద కూలబడి విన్నారు. అంత బాగుంది. ఆమె మాత్రం కాగితం మీంచి కళ్ళెత్తలేదు. వాయించడం అయ్యాక తలెత్తి, "అరే, ఎవరూ ఆడలేదేం?" అంది.

స్టూలు మాత్రం డ్యాన్సు రోజు వచ్చినప్పుడల్లా ఆ తెలియని ఎత్తుకే వచ్చి కూర్చుంటోంది. నెలాఖరు దగ్గరపడింది.

క్లాసుకి ముందు రోజు తాళాల అక్క నేల సబ్బు కోసం కొట్టుకి వెళ్ళింది. ముందొక ముసలాయన నిలబడి ఉన్నాడు. నడుం కాస్త ముందుకి వంగింది, ప్యాంటు అంచులు చెప్పుల మీద కుచ్చిళ్ళు పడి ఉన్నాయి.

"అమ్మా, ఆ పై అరలో సబ్బు కాస్త అందిస్తావా? చెయ్యి అందట్లేదు" అన్నాడు.

ఆమె మడమలెత్తి తీసి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు ఆ వేళ్ళు చూసింది. పొడుగాటి వేళ్ళు. సబ్బుని పట్టుకున్నట్టు లేవు, దాని మీద వాలినట్టున్నాయి.

"మామయ్యా?"

ఆయన కళ్ళు చికిలించాడు. "ఎవరూ... మన తాళాల పిల్లవా? తల నెరిసిపోయిందేమే!"

"మీరేంటి మామయ్యా, ఇంత..."

"కుంచించుకుపోయాననా? ఉతికిన చొక్కాలాగా! మీ అత్తయ్య ఉంటే నా ప్యాంట్లన్నీ మడిచి కుట్టేది. పోనీలే, ఇంతలో కనపడ్డావు. రేపు మేనల్లుడి ఊరు వెళ్ళిపోతున్నా. వాళ్ళకేదో కొట్టుందిట, కూర్చుంటే కాలక్షేపం. ఇక్కడ నాతో ఎవరికేం పని?"

తాళాల అక్క ఆయన్ని పై నుంచి కింద దాకా చూసింది. తర్వాత నడుం నుంచి భుజం దాకా ఇంకోసారి చూసింది.  ఇన్నేళ్ళూ రోజూ పొద్దున్నే తను తప్పు ఎత్తు కోసం చూసింది.

"రేపు డ్యాన్సు క్లాసుంది మామయ్యా" అంది.

"ఉంటే?"

"స్టూలు..."

"స్టూలుకేమైంది?"

"మీ ఎత్తుకి ఉంది."

ఆయన పెద్దగా నవ్వాడు. "అడుక్కి దిగిపోయిందా ముండ!"

"లేదు. పైకి లేచింది."

నవ్వు ఆగింది. ఆయన చేతిలో సబ్బుని అటూ ఇటూ తిప్పాడు. "దానికెవరు చెప్పారో" అన్నాడు నెమ్మదిగా. "నాకే తెలీలేదు, అద్దంలో చూసుకునేదాకా." మళ్ళీ తల అడ్డంగా ఆడించాడు. "వద్దులే అమ్మా. వేళ్ళు మొద్దుబారాయి. అయినా నేను హోటలు వాణ్ణి. పిల్లల గంతులకి నేనేం వాయిస్తాను?"

తాళాల అక్క జన్మలో ఎవరికీ ఎదురు చెప్పలేదు. చెవులు వేడెక్కిపోయాయి. కొట్టువాడు వింటున్నాడు కూడా. "అన్నం తినేవాళ్ళ నోళ్ళు చూసి వాయించారు" అంది. "పిల్లల కాళ్ళు చూసి వాయించలేరా?"

అనేసి, తనకి కావలసిన సబ్బు కొనడం మర్చిపోయి, వచ్చేసింది.

మర్నాడు స్టూలు అదే ఎత్తున ఉంది. పిల్లలు వచ్చారు, వరసగా నిలబడ్డారు. టీచరమ్మ గుమ్మం వంక చూసి చూసి, నిట్టూర్చి, ఫోను తీసి కిటికీ గట్టు మీద పెట్టబోయింది.

"అక్కడ పెట్టకండి" అంది తాళాల అక్క. అత్తయ్య కూర్చునే ఆ గట్టుని పొడిగుడ్డతో తుడిచింది.

అప్పుడే గుమ్మంలో నీడ పడింది. మామయ్య. ఒక చేతిలో బట్టల సంచీ. "బస్సుకి ఇంకా టైముంది. ఒకసారి చూసి పోదామని" అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

సంచీ కిటికీ దగ్గర పెట్టాడు. గట్టుని అరచేత్తో ఒకసారి నిమిరాడు. పియానో దగ్గరికి వెళ్ళి, పాత అలవాటుకొద్దీ వంగి స్టూలుని కిందికి తిప్పబోయాడు. అది కదల్లేదు. ఇంకాస్త బలంగా తిప్పాడు. ఊహూ. సరేలెమ్మని కూర్చున్నాడు. మోచేతులు మెట్ల ఎత్తుకి వచ్చాయి. పాదం వెళ్ళి పెడల్ మీద పడింది, ఇంటి గడప మీద పడ్డట్టు.

"ఓహో" అన్నాడాయన. అంతే అన్నాడు.

మొదట్లో వేళ్ళు తడుముకున్నాయి. ఒకటి రెండుచోట్ల పొల్లు పోయింది కూడా. తర్వాత ఆయన మెట్ల మీంచి కళ్ళు తీసి పిల్లల వంక చూడటం మొదలుపెట్టాడు, ఒకప్పుడు బల్లల వంక చూసినట్టు. గంతు వెయ్యబోయే పిల్లకి పాట ముందే కిందనుంచి చెయ్యి అందించింది. చివర నిలబడ్డ చిన్నది తిరుగుతూ తిరుగుతూ తూలింది. పాట ఆగలేదు, ఆగినట్టూ తెలీలేదు. వీధి మలుపులో వెనకబడ్డ పిల్ల కోసం తల్లి చెప్పు సర్దుకునే నెపంతో నిలబడినట్టు, కాస్త నిలబడింది. పిల్ల కాలు ఆనించింది. ఇద్దరూ కలిసి ముందుకి పోయారు. తను తూలిన సంగతి ఆ పిల్లకి తెలిసినట్టు లేదు.

టీచరమ్మ ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టడం మానేసి చాలాసేపైంది. గోడకి ఆనుకుని, ఎవరికీ కనపడకుండా తన మడమలు లేపుతూ దించుతూ ఉంది.

క్లాసు చివర్లో మామయ్య అత్తయ్య పాటల్లోది ఒకటి ఎత్తుకున్నాడు. మాటలు మర్చిపోయే చోటు రాగానే తాళాల అక్క నోట్లోంచి, ఆమెకి తెలీకుండానే, "లాలాలా" వచ్చేసింది. హాలంతా ఆమె వైపు తిరిగింది. మామయ్య మాత్రం తిరగలేదు. ఆ చోటే మళ్ళీ వాయించాడు, ఇంకోసారి అనమన్నట్టు.

పిల్లలు కొత్త పాట అడిగారు. ఆయన దానిలో పడ్డాడు. తాళాల అక్క మెల్లిగా కిటికీ దగ్గరికి వెళ్ళి, బట్టల సంచీ తీసుకుని, గోడ బీరువాలో పెట్టి తాళం వేసింది.

కాసేపటికి మామయ్య లేచాడు. "బస్సు వేళైనట్టుంది. నా సంచీ ఏదమ్మా?"

"బీరువాలో పెట్టాను మామయ్యా. తాళంచెవి కనపడట్లేదు."

అంటూ ఆమె వెతకడానికన్నట్టు అటు తిరిగింది. నడుముకి వేలాడుతున్న గుత్తి మొత్తం ఘల్లుమంది. పిల్లలు పడీపడీ నవ్వారు. ఆమె మొహం కందగడ్డయింది. మామయ్య ఆ గుత్తినీ, ఆమెనీ, స్టూలునీ మార్చి మార్చి చూశాడు.

"సరే. దొరికేదాకా ఇంకోటి వాయిస్తాలే" అని మళ్ళీ కూర్చున్నాడు.

ఆ తాళంచెవి ఇంతవరకూ దొరకలేదు. మామయ్య బట్టలు బీరువాలోనే ఉన్నాయి. కావలసినప్పుడల్లా తాళాల అక్క తీసి ఇస్తుంది, ఎలా తీస్తుందని ఎవరూ అడగరు. ఆయన ప్యాంట్ల అంచులు కూడా మడిచి కుట్టింది. ఫర్నిచరు షాపు వాళ్ళు గోడౌను ఇంకోచోట చూసుకున్నారు.

పొద్దున్నే హాలు తలుపులు తీయడం, ఊడవడం, తుడవడం అంతా మామూలే. డ్యాన్సు రోజుల్లో మాత్రం ఆమె పియానో తుడిచాక వంగి స్టూలు మరని దగ్గరగా చూస్తుంది. ఏడాది తిరిగేసరికి అది వెంట్రుకవాసి పైకి వస్తోంది. ఆ మాట మామయ్యతో అనదు. గుడ్డ చివరకి కాస్త నూనె రాసి, పైకి వచ్చిన ఆ కొత్త చుట్టుని తుడుస్తుంది. తర్వాత ఇంకా పైకి రావలసిన మరనంతా వేలితో తడిమి చూసుకుంటుంది.

చాలా ఉందిలే అనుకుని, కుర్చీలు గోడకి జరపడం మొదలుపెడుతుంది.