దానానికి పనికొచ్చిన పసుపు రంగు

ఇల్లరికపు అల్లుడికి నోరుండకూడదంటారు. రంగుల ఫ్యాక్టరీ యజమానిగారి అల్లుడికి నోరు లేకపోయినా పదవి ఉంది: సామాజిక బాధ్యత విభాగాధిపతి. మామగారు దానం చేస్తుంటే ఫొటోలు తీయించడమే ఆ పదవిలో ఉన్న పనల్లా.

ఈసారి దానం ప్రభుత్వాసుపత్రి పిల్లల వార్డుకి. పరీక్షలో తప్పి గోదాములో మూలుగుతున్న పసుపు రంగు డబ్బాలన్నీ అక్కడికి తోలేయమన్నారు మామగారు. ఆ రంగులో సీసం మోతాదు మించిందనీ, గోడ పెచ్చులు నోట్లో పెట్టుకునే పసివాళ్లకు అది విషమనీ ఫ్యాక్టరీలో రంగులు పరీక్షించే కెమిస్టమ్మ అల్లుడి చెవిన వేసింది. అతను నీళ్లు నములుతూ ఆ మాట మామగారి దగ్గర ఎత్తాడు.

"దానమిచ్చిన ఆవుకి ఎవరైనా పళ్లు లెక్కపెడతారా, అల్లుడూ?" అన్నారాయన. అంత బాధగా ఉంటే ఆ కుర్చీ ఇంకొకరికి ఇస్తానని కూడా నవ్వుతూ చెప్పారు. ఆయన నవ్వుతూ చెప్పినవే తప్పకుండా జరుగుతుంటాయి.

అల్లుడికి భయం వేసింది. పదవి పోతుందని కొంత, పిల్లలేమైపోతారోనని కొంత. ఏది ఎక్కువో అతనికే తేలలేదు. ఎదురు చెప్పలేనివాడికి అతివినయమే ఆయుధం. మర్నాడు ఆ పసుపు డబ్బా ఒకటి ఇంటికి తెచ్చి, నెలలు నిండిన భార్యని వరండాలో కూర్చోబెట్టి, పుట్టబోయే బిడ్డ కోసం సర్దిన గదిలో కుంచె ముంచాడు.

మామగారు పరుగున వచ్చి కుంచె లాక్కున్నారు. "మతి పోయిందా నీకు? పసిబిడ్డ పడుకునే గదికి ఆ విషం పూస్తావా?"

"విషమని నీకు తెలుసన్నమాట, నాన్నా," అంది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ కూతురు. గొంతు పెంచలేదు.

ఆ వార్డు పిల్లల సంగతి వేరమ్మా అనబోయి, ఆమె పొట్ట వైపు చూసి ఆయన ఆగిపోయారు. పుట్టి బుద్ధెరిగాక మాట మింగడం ఆయనకదే మొదలు.

వార్డుకి మేలు రకం రంగే వెళ్లింది. పరుల పిల్లల్ని మన పిల్లల్లా చూసుకోవడమే తన సిద్ధాంతమని ప్రారంభోత్సవంలో మామగారు ఊదరగొట్టారు. కొత్త విభాగాధిపతి ఫొటోలు తీయించాడు.

అల్లుణ్ణి గోదాముకి మార్చారు. గుమాస్తాలు అయ్యోపాపం అన్నారు. అతను మాత్రం చేరిన రోజే పసుపు డబ్బాలున్న గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. మరో దానానికి ఆ డబ్బాలు కావాలని మామగారు కబురు పెడితే, తాళంచెవి పోయిందని చెప్పి పంపాడు. మామగారికి అబద్ధం చెప్పడం ఇంత హాయిగా ఉంటుందని అతనికి అంతవరకూ తెలియదు.