ముగ్గురు మేయర్లకు వండిన బిర్యానీ

అంబీ ఇంటి సామాను కిందికి వస్తోంది. మోసుకొచ్చి దించడం కాదు, రెండో అంతస్తు వరండాలోంచి విసిరేయడం. ముందు పరుపు పడింది, ఆ తర్వాత కుర్చీలు, ఆ తర్వాత వంటగిన్నెలు. ఫ్లాట్లు అద్దెకిచ్చిన నగర కౌన్సిల్ ఆఫీసరు గోడకి ఆనుకుని సిగరెట్టు కాలుస్తున్నాడు. అతని పక్కన తుపాకీ పట్టుకున్న గార్డు. అంబీ చంటిపిల్లను చంకనేసుకుని, ఎవరి ముఖమూ చూడకుండా గిన్నెలు ఏరుకుంటోంది.

సావీ మెట్ల మీద నిలబడి చూసింది. ఆమె ఒక్కతే కాదు, ఇసిపింగో గుట్ట మీది ఫ్లాట్లన్నీ చూశాయి. ఒక్కరూ కదల్లేదు. అది పిరికితనమని ఎవరైనా అంటే అననివ్వండి. జీవితమంతా తోయించుకుంటూ వచ్చిన జనానికి కాళ్లు అంత తొందరగా లేవవు. ఆ పూట సిగ్గుపడాల్సింది వాళ్లు కాదు.

"ఏటి తప్పు చేసింది సార్ ఆ పిల్ల?" కోగీ కింది నుంచి అరిచింది. ఫ్లాట్లలో గట్టి గొంతు ఆమెదే.

"తమ్ముడు గ్యాంగులో ఉన్నాడు. గ్యాంగు ఇళ్లన్నీ ఎలక్షన్ లోపల ఖాళీ చేయించమన్నారు," అన్నాడు ఆఫీసరు. పోతూ పోతూ సావీ దగ్గర ఆగాడు. "సోమవారం నీ ఇల్లు. సర్దుకో."

సావీ కొడుకు క్రిష్ మొబేనిలో బూట్ల ఫ్యాక్టరీలో అట్టలు కోసేవాడు. బయటి దేశం బూట్లు చవగ్గా దిగాయి, ఫ్యాక్టరీకి తాళం పడింది. మరుసటి ఏడు సావీ చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ కూడా మూసేశారు. తల్లి ఇంట్లో కూర్చుంది, కొడుకు వీధిలో నిలబడ్డాడు. వీధిలో నిలబడ్డ కుర్రాడికి పని చూపించింది గ్యాంగు ఒక్కటే. ఇప్పుడు జైల్లో ఉన్నాడు. చూడ్డానికి వెళ్లినప్పుడల్లా ఒకే మాట అంటాడు: "మా, ఇల్లు పట్టుకో. బయటికొస్తే నేను ఇంటికే రావాలి. ఇల్లు లేకపోతే మళ్లీ వాళ్ల దగ్గరికే పోవాలి."

ఇల్లంటే రెండు గదులు, కారే పైకప్పు. తెల్లవాళ్ల పాలన రోజుల్లో ఏటి ఒడ్డున ఉన్న తమ ఇంటిని బుల్డోజరు నేలమట్టం చేస్తే, లారీలో తెచ్చి ఇక్కడ దింపారు. స్వేచ్ఛ వచ్చి రెండేళ్లయింది. లారీ మళ్లీ వస్తానంటోంది.

ఆ సాయంత్రం ఆడవాళ్లంతా మెట్ల మీద కూర్చున్నారు. అంబీ పిల్లతో సహా కోగీ ఇంట్లో తలదాచుకుంది. రెజీ వచ్చాడు. ఒకప్పుడు సావీ ఫ్యాక్టరీలో యూనియన్ మనిషి, సమ్మె రోజుల్లో గేటు ముందు లాఠీలు తిన్నవాడు. ఇప్పుడు పాలక పార్టీ చొక్కా తొడుక్కుని, కారులో తిరుగుతున్నాడు.

"అక్కలూ, ఇనండి. శనివారం హాల్లో మీటింగు. మూడు పార్టీలూ మేయరు అయ్యేవోడిని పట్టుకొస్తన్నాయి. మీరు కుండలు పెట్టండి. బియ్యం, కోడి, అన్నీ పార్టీ ఇస్తది. సావక్క సంగతి అక్కడే తేల్చేద్దాం."

కుండలంటే సంగతి వేరే. ఈ ఫ్లాట్లలో పెళ్లయినా చావైనా వంటవాళ్లను పిలవరు. హాలు వెనక ఇటుకలు పేర్చి, కట్టెలు పెట్టి, మనిషి కూర్చునేంత కుండల్లో మసూరు పప్పు కలిపిన కోడి బిర్యానీ వండేది ఈ ఆడవాళ్లే. దానికి నాయకురాలు కోగీ. ఆ కుండలోది తిన్నవాడు ఆ ఇంటి మీద చెయ్యెత్తడు. ఇది తాతముత్తాతలు చెరకుతోటల కూలికి ఓడల్లో వచ్చి, బారకాసుల లైను ఇళ్లలో బతికిన నాటి నుంచి వస్తున్న కట్టుబాటు. దెబ్బలాడుకున్న అన్నదమ్ములకు ఒక కుండలోది పెడితే గొడవ తీరిపోయేది.

"ముగ్గురికీ పెడదాం," అంది కోగీ. "మన ఉప్పు తిన్నాక ఎట్టా తోస్తారు? నోరు రావాలి కదా!"

మఖుమాలో అనే ఆమె ఒప్పుకోలేదు. గుట్ట కింద రేకుల గుడిసెల్లో ఉండే జులూ ఆడమనిషి, కోగీతో కలిసి కుండలు తోమీ తోమీ మన తిట్లన్నీ నేర్చుకుంది. "హావు, కోగీ! నేను ఆ లార్నీల, డబ్బున్న దొరల ఇళ్లలో వండాను. దొరలు తింటారు, మూతి తుడుచుకుంటారు. వండిందెవరో అడగరు."

"అది జీతం కూడు, వేనా," అని జులూ మాటతోనే పిలిచింది కోగీ. "ఇది మన కుండ."

వాదించడానికి కూడా ఓపిక ఉండాలి, అది సావీకి లేదు. ఉల్లిపాయలు తరగడానికి మాత్రం ఒప్పుకుంది.

శనివారం హాలు నిండిపోయింది. మొదటి అభ్యర్థి రిటైరైన హెడ్మాస్టరు. గ్యాంగుల వల్ల పిల్లలు పాడైపోతున్నారు, దొంగలకు నీడనిచ్చే ఇళ్లను ఊడ్చేయాలి అన్నాడు. చాలామంది చప్పట్లు కొట్టారు. గ్యాంగు తూటాలకు పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లూ ఆ హాల్లో ఉన్నారు, వాళ్ల చప్పట్లను తప్పు పట్టలేం. రెండో ఆయన కలప వ్యాపారి. రేవును పెంచితే పెట్టుబడులు వస్తాయి, పెట్టుబడులతో ఉద్యోగాలు వస్తాయి, అప్పటిదాకా యూనియన్లు కాస్త నోరు కట్టుకోవాలి అన్నాడు. మూడో ఆయన పాలక పార్టీ మనిషి, తెల్లవాళ్ల జైల్లో మగ్గినవాడు. ఇళ్లు కడతాం, అందరికీ కడతాం, ఓపిక పట్టండి అన్నాడు.

సావీ లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు.

"మీరు ముగ్గురు మూడు సంగతులు సెప్పినారు. ఇల్లు, గ్యాంగు, పని. నాకు పని పోయింది. పని పోతే కొడుకు గ్యాంగులోకి పోయినాడు. గ్యాంగు అని ఇల్లు పీకుతున్నారు. మూడూ నా ఇంట్లోనే ఉన్నాయి. సోమవారం నేను ఏడికి ఎల్లాలి?"

హెడ్మాస్టరు చట్టం చట్టమేనన్నాడు. వ్యాపారి ఆమె ధైర్యాన్ని మెచ్చుకున్నాడు. మూడో ఆయన కళ్లద్దాలు తీసి, "అమ్మా, మీ బాధ నాకు తెలుసు," అన్నాడు. నిజంగానే తెలుసేమో. తెలిసి ఊరుకోవడం తెలియకపోవడం కంటే నీచమని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

తర్వాత ముగ్గురూ తిన్నారు. వ్యాపారి రెండోసారి పెట్టించుకున్నాడు. కోగీ మూడో ఆయన చెయ్యి పట్టుకుంది. "మా కుండలోది తిన్నావు నాయినా. సావీ ఇంటికి నువ్వే కాపలా."

"తప్పకుండా, ఆంటీ," అన్నాడాయన, వేళ్లు తుడుచుకుంటూ.

సోమవారం పొద్దున్నే లారీ వచ్చింది.

అదే ఆఫీసరు, అదే గార్డు. ఈసారి రెండు పోలీసు వ్యాన్లు కూడా. ఆడవాళ్లంతా బయటికొచ్చారు. రెజీ కారు దిగి పరుగున వచ్చాడు.

"ఇది పాత కౌన్సిల్ పని అక్కా, మావోళ్లది కాదు. ఎలక్షన్ అయిపోనీ. గెలిస్తే మన మేయరు మళ్లీ ఇప్పిస్తాడు. ఇప్పుడు గొడవ చేస్తే పేపర్లో పడతది, పార్టీకి దెబ్బ."

"పార్టీకి దెబ్బా?" కోగీ అరిచింది. "నీ పార్టీ మొన్న మా చేతి కూడు తిన్నది రా!"

"పోనీ కోగీ," అంది సావీ. అప్పటికే మూట కట్టుకుంది. "ఎస్ట్‌కోర్ట్‌లో మా చెల్లెలుంది. ఎల్తాను. నాకు ఇంక సత్తువ లేదు. ఒకసారి తోసినారు, ఇప్పుడు మళ్లీ తోస్తున్నారు. తోసుకోనీ."

కోగీ ఆమె చేతిలో మూట లాక్కుంది. ఏడుస్తోంది, తిడుతోంది, రెండూ ఒకేసారి.

"తప్పు నాదే! మన అన్నదమ్ములకి పెట్టినట్టు ఆళ్లకీ పెట్టినాను. ఆళ్లు మన అన్నదమ్ములు కారు. వండి పెట్టి అడుక్కున్నాం. అడుక్కుంటే ఎవుడిస్తాడే? నువ్వు ఎల్తే ఎల్లు. నేను మాత్రం ఈడే కూకుంటా!"

అని మెట్ల మీద చతికిలబడింది. ఆ ఫ్లాట్ల మెట్లు ఇరుకు, ఒక మనిషి దిగుతుంటే ఇంకొకరు ఒత్తిగిలాలి. కోగీ ఒళ్లూ చిన్నది కాదు. ఆమె కూర్చుంటే ఆ మెట్టు మూసుకుపోయింది. పై మెట్టు మీద అంబీ కూర్చుంది, పిల్లతో సహా. ఆ పైన ఇంకొకరు, ఇంకొకరు. అంతలో గుట్ట కింది నుంచి మఖుమాలో వచ్చింది, వెనక గుడిసెల ఆడవాళ్లు వచ్చారు. వాళ్లలో కొందరు ఈ ఫ్లాట్ల మెట్లెక్కడం అదే మొదటిసారి.

"నీ బిర్యానీ సంగతి నేను ముందే చెప్పాను కదూ," అంది మఖుమాలో కోగీ పక్కన ఇరుక్కుంటూ. "జరుగు."

సావీ అందర్నీ చూసింది. కాళ్లు నొప్పులు, నడుము నొప్పి, కళ్లు మూతలు పడుతున్నాయి. బస్సు స్టాండు దాకా నడవడం కంటే కూర్చోవడమే తేలిక. పైకెళ్లి తన తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. ధైర్యం అలా కూడా వస్తుంది.

పోలీసులు హెచ్చరించారు. తర్వాత బాష్పవాయువు వదిలారు. ఇరుకు మెట్లలో పొగ నిండింది, పిల్లలు ఏడ్చారు. పై అంతస్తుల వాళ్లు తడిగుడ్డలు, బకెట్లతో నీళ్లు అందించారు. ఒక్కొక్క ఆడమనిషిని ఇద్దరు పోలీసులు మోయాల్సి వచ్చింది. మోసి వ్యాన్లో పడేస్తే, ఆ మెట్టు మీద ఇంకొకరు వచ్చి కూర్చున్నారు. చివరికి సావీని చేతులు కాళ్లు పట్టుకుని దించారు. ఆమె పెనుగులాడలేదు, బరువు మాత్రం వాళ్లకే వదిలేసింది.

మధ్యాహ్నం రెజీ స్టేషనుకి వచ్చాడు. సెల్లో సావీ, కోగీ, మఖుమాలో, ఇంకా చాలామంది ఒకరి మీద ఒకరు కూర్చుని ఉన్నారు. రెజీ సావీని ఊచల దగ్గరికి పిలిచి గొంతు తగ్గించాడు.

"అక్కా, మావోడు మాట్లాడినాడు. నిన్ను ఇప్పుడే వదిలేస్తారు. ఇల్లు కూడా నీకే రాసిస్తారంట. ఒక్క మాట సెప్పు చాలు. గుడిసెలోళ్లు వచ్చి రెచ్చగొట్టినారు, మాకేటి తెలీదు అని సెప్పు."

సావీ వెనక్కి చూసింది. మఖుమాలో భుజం మీద తల పెట్టుకుని కోగీ గురక పెడుతోంది.

"ఇప్పుడు నా ఇంట్లో ఎవురున్నారు, రెజీ?"

అతను ఇష్టం లేకుండానే చెప్పాడు. "జనం ఉన్నారు. గది నిండా. తాళం వెయ్యడానికి తలుపే మూతపడలేదు. లారీ ఉత్తినే పోయింది. అంబీ ఇంటి తాళం కూడా పగలగొట్టినారు. పక్క బ్లాకులో కూడా మెట్ల మీద కూకున్నారు అక్కా. నేను ఆపలేను."

"అయితే నాకు తొందరేం లేదు," అంది సావీ.

ఊచల దగ్గర్నుంచి వెనక్కి వెళ్లి, మఖుమాలో చూపించిన జాగాలో పడుకుని, చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయింది.