శ్రీమతి క్లైవ్ పొకాక్ వీడ్కోలు సభ

నా వీడ్కోలు సభకు శాండ్‌విచ్‌లు నేనే కోస్తున్నాను. ఇందులో ఎవరి తప్పూ లేదు. గుండర్రా ఆసుపత్రి మహిళా సంఘంలో ఏ సభకు ఎవరేం తేవాలో రాసిన జాబితా ఒకటుంది. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట అధ్యక్షురాలినైన వారంలోనే దాన్ని నేను రాశాను, గుడ్డు శాండ్‌విచ్‌ల పక్కన నా పేరే పెట్టుకున్నాను. తర్వాత దాన్ని ఎవరూ మార్చలేదు. అధ్యక్షురాలు దిగిపోయే రోజైనా ఆవిడ చేత గుడ్లు ఉడికించకూడదని ఎవరికైనా తోచాలంటే అది అధ్యక్షురాలికే తోచాలి. నాకు తోచలేదు.

"బ్రెడ్డు అంచులు పారెయ్యకోయ్, కోళ్ళకేద్దాం," అన్నాడు నా భర్త క్లైవ్, పేపర్లోంచి తలెత్తకుండా.

మేత వేసేదెవరో మా కోళ్ళకి కూడా తెలుసు.

మా సంఘం పని అడగడం. ప్రభుత్వం ఇవ్వనివి ఆసుపత్రి కోసం ఊరిని అడగడం. శనివారాలు బ్యాంకు ముందు కేకుల బల్ల, పబ్బులో పళ్ళెం నిండా మాంసం బహుమతిగా పెట్టి అమ్మే లాటరీ టికెట్లు, ఇవన్నీ పైకి కనిపించేవి. అసలు పని గొర్రెల ఫారాల్లో జరుగుతుంది. వాన పడని నెలలో వెళ్ళకూడదు. ఉన్ని అమ్ముడైన మర్నాడూ వెళ్ళకూడదు, కనిపెట్టుకుని ఉన్నామనుకుంటారు. ముందు కుక్కని పేరు పెట్టి పలకరించాలి, తర్వాతే యజమానిని. ఇలా అడిగి అడిగి డయాలసిస్ గది తెచ్చాం. వారానికి మూడుసార్లు రెండు వందల కిలోమీటర్లు పోయొచ్చేవాళ్ళు ఇప్పుడు నడిచి వస్తున్నారు. ఆ గది తలుపు మీద ఇత్తడి పలక ఉంది: "శ్రీమతి క్లైవ్ పొకాక్ కృషి ఫలితం." పెళ్ళైన ఆడదాన్ని భర్త పేరుతో పిలవడం, ఆసుపత్రి బోర్డులోని పెద్దమనుషులకి మర్యాదంటే అది. క్లైవ్ ఆ గదిలో ఎప్పుడూ అడుగు పెట్టలేదు. నెలకోసారి అతని పేరుకి పాలిష్ పెట్టి మెరిపించేది మాత్రం నేను.

నా కుర్రతనంలో ఆ ఆసుపత్రిలోనే నర్సు శిక్షణ రెండేళ్ళు చేశాను. పెళ్ళి చేసుకున్న ఆడపిల్లలు మానెయ్యాలని నియమం. మానేశాను. "మంచిదే అయింది, మలమూత్రాల పళ్ళేలు మొయ్యడం మా ఇంటి కోడలికెందుకు?" అన్నారు మా అత్తగారు. ఆఖరి మూడేళ్ళు ఆవిడ మంచం పట్టినప్పుడు పళ్ళెం మోసింది నేనే కాబట్టి శిక్షణ వృథా పోలేదు. నేను సంఘంలో చేరినప్పుడు కూడా ఆవిడ మంచం మీంచే అడిగారు, "జీతం లేని పనికి లిప్‌స్టిక్ దేనికే?" అని. క్లైవ్ ఎప్పుడూ అడ్డు చెప్పలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. "నీకేంటోయ్, కాలక్షేపం. పోయిరా, భోజనం టైముకి వచ్చెయ్," అనేవాడు. నలభై డిగ్రీల ఎండలో మడతబల్ల మోసుకుంటూ, ఇదేమిటో ఈ కాలం ఎంతకీ క్షేపం కాదేమని అనుకునేదాన్ని.

మధ్యాహ్నం రెండింటికి సభ. బోర్డు చైర్మన్ రాడ్లీ మైకు పట్టుకుని, "నెరిడా గారి గురించి చెప్పాలంటే మాటలు చాలవండీ," అని మొదలుపెట్టి పావుగంట చెప్పాడు. చివర్లో గొంతు పెంచాడు. "ఈ రోజు ముఖ్యంగా ఇంకొకరికి చప్పట్లు కొట్టాలి. ముప్పై ఒక్క ఏళ్ళు తన భార్యని మనకి అరువిచ్చిన పెద్దమనసు! రావయ్యా క్లైవ్, పైకి రా!"

హాలంతా లేచి నిలబడింది. నాకు పువ్వులిచ్చినప్పుడు కూర్చునే చప్పట్లు కొట్టారు.

"అరువిచ్చిన సామాను సొట్టలు పడకుండా తిరిగొచ్చింది, అదే పదివేలు," అన్నాడు క్లైవ్. అందరూ నవ్వారు. "నెరిడాకి ఇంకా తెలీదు, ఇప్పుడే చెప్తున్నా. కారవాన్ కొన్నాను! సోమవారం కాక పై సోమవారం బయల్దేరతాం. దేశమంతా చుట్టేసి ఏడాదికొస్తాం. అందులో వంటిల్లు కూడా ఉందోయ్, చూస్తే వదలవు!"

ఈలలు వేశారు. నా స్నేహితురాలు థెల్మా మాత్రం టీ పాత్ర వైపు శ్రద్ధగా చూస్తూ నిలబడింది. వాళ్ళ షెడ్డుకి రెండు నెలలుగా తాళం ఎందుకుందో అప్పుడు నాకు అర్థమైంది: కారు వెనక తగిలించుకునే ఆ చక్రాల ఇల్లు అందులోనే ఉంది. నాకు తప్ప ఊరందరికీ తెలుసు. క్లైవ్ మొహం వెలిగిపోతోంది. నన్ను సంతోషపెట్టాననే నమ్ముతున్నాడు, అందులో కల్లాకపటం లేదు. చిక్కంతా అక్కడే. చెడ్డవాడైతే ఎంత తేలికయ్యేది! రాబోయే ఏడాది గురించి నేనేమనుకున్నానో ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి అందులో ఏమీ లేదు కూడా. పొద్దున్నే లేచి, ఈ రోజు ఎవరికీ నాతో పని లేదు అనుకుని, ఆ తర్వాత ఏమవుతుందో చూడాలని ఉంది, అంతే. ఎంతమందిని అడిగానో నేను ఇన్నేళ్ళలో, అంబులెన్సుకి, మంచాలకి, పసిపిల్లల ఉయ్యాలలకి. ఇదొక్కటీ అడగాలంటే ఎవర్ని అడగాలో తెలీలేదు.

నా వంతు వచ్చింది. కాగితం మీద "క్లైవ్ సహనానికి ధన్యవాదాలు" అని ఉంది. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

"కారవాన్ మంచి ఆలోచన," అన్నాను మైకులో. "క్లైవ్ క్షేమంగా తిరిగి రావాలని అందరం కోరుకుందాం. నేను ఇంట్లోనే ఉంటాను."

పగలబడి నవ్వారు. నేను నవ్వలేదు. ముందు వరుసలో ఒకరూ, వెనక ఇద్దరూ, అలా ఆగిపోయారు. చివరికి థెల్మా కప్పులు గలగలమనిపించి, "టీ చల్లారిపోతోంది, రండమ్మా రండి," అంది. షెడ్డు గురించి ఆమెని క్షమించేశాను.

కారు ఊరు దాటాక క్లైవ్ అడిగాడు.

"జోకేశావు కదూ?"

"లేదు."

"అంతమందిలో పరువు తీశావోయ్."

"అంతమందిలో చెప్పింది నువ్వు."

"నీకు ఇష్టమనుకున్నా."

"అనుకున్నావు."

గోధుమ చేలు పోతున్నాయి పక్కనుంచి. "మరి ఏడాదంతా ఏం చేస్తావు ఒక్కదానివీ?"

"తెలీదు. నాకు కావలసింది అదే."

మా ఫారం గేటు దగ్గర కారు ఆగింది. పక్క సీట్లో ఉన్నవాళ్ళు దిగి గేటు తియ్యడం మా వైపు పద్ధతి. పెళ్ళైన నాటి నుంచి పక్క సీటు నాదే. ఈసారి నేను కదల్లేదు. కాసేపటికి క్లైవే దిగాడు. గేటు తీసి, వెంటనే రాకుండా దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత నా కిటికీ దగ్గరికి వచ్చి టోపీ తీశాడు.

"నాతో వస్తావా, నెరిడా?"

యాభై ఒక్క ఏళ్ళలో అతను నన్ను నిజంగా అడిగిన ప్రశ్నల్లో ఇది రెండోది. మొదటిదానికి వెంటనే సరేనన్నాను, శిక్షణ ఏమవుతుందని కూడా ఆలోచించకుండా.

"రాను క్లైవ్," అన్నాను, నాకు చేతనైనంత మెత్తగా. "అడిగినందుకు సంతోషం."

డ్రైవరు సీట్లోకి జరిగి కారు లోపలికి పోనిచ్చాను. వెనక అతను గేటు మూసుకుంటున్నాడు.